కిటికీ పక్క గోడ తెల్లగా ఉండదు: వెర్మీర్ వెలుగు మీద పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో డచ్ చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ గురించి వ్యాసం వేశాం. 1632లో హాలండ్‌లోని డెల్ఫ్ట్‌లో పుట్టి, 1675లో అదే ఊళ్లో కన్నుమూసిన మనిషి. పాలు వంపే పనిమనిషి, ఉత్తరం చదువుకునే అమ్మాయి, లేసు అల్లే ఆవిడ... ఆయన బొమ్మల్లో ఎక్కువ భాగం ఇంట్లో రోజూ జరిగే పనులే. ఈనాడు ఆయనవని ఒప్పుకునే బొమ్మలు ముప్పై అయిదు, ముప్పై ఏడు మధ్య ఉంటాయి. వచ్చిన ఉత్తరాల్లో మెచ్చుకోళ్ల కన్నా ‘ఆయనకు ఎలా కుదిరింది, మాకెందుకు కుదరడం లేదు’ అన్నవే ఎక్కువ. చెయ్యి పెట్టి చూసినవాళ్లే అలాంటి ప్రశ్న వేయగలరు కాబట్టి ఈసారి శీర్షిక అంతా వాళ్లకే.

ప్రశ్న: ‘మిల్క్‌మెయిడ్’ (పాలు వంపే పనిమనిషి) బొమ్మను మా స్కూలు పిల్లల చేత కాపీ చేయించాను. తెల్ల గోడ వేశారు, మనిషి మీద ఎడమవైపు వెలుగు, కుడివైపు నీడ వేశారు. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా ఆవిడ గోడకి అంటించిన కాగితం బొమ్మలా ఉంది. లోపం ఎక్కడ? (డ్రాయింగ్ మాస్టారు, ఏలూరు)

జవాబు: మాస్టారూ, లోపం మనిషిలో లేదు, గోడలో ఉంది. మీ పిల్లలు గోడ తెల్లది కదా అని తెల్లరంగు వేశారు. వెర్మీర్ గోడ మీద పడిన వెలుగును వేశాడు.

ఆ బొమ్మ ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. 1657–60 ప్రాంతంలో వేసినది, 45.5 × 41 సెంటీమీటర్లే. దాన్ని ఎడమ నుంచి కుడికి మెల్లగా చదవండి. కిటికీ ఎడమ గోడకు ఉంది. మామూలుగా ఏమనుకుంటాం? కిటికీకి దగ్గరగా ఉన్న గోడ బాగా తెల్లగా, దూరం పోయేకొద్దీ మసకగా ఉంటుందని. బొమ్మలో అందుకు తిరగబడి ఉంది. కిటికీ మూలన గోడ బూడిద రంగులో మబ్బుగా ఉంటుంది. కుడికి జరిగేకొద్దీ తేటపడుతూ, ఆవిడ వెనక బాగా వెలుగుతుంది. ఇది ఊహ కాదు, మీ క్లాసు గదిలోనే చూడొచ్చు. ఎదురు గోడ మీద మూలకు ఆనుకుని ఉన్న చోటు నుంచి చూస్తే పక్క గోడ కిటికీ ఓరగా, సన్నటి చీలికలా కనిపిస్తుంది. అందువల్ల ఆ చోటికి చేరే ఆకాశం వెలుతురు తక్కువ. అక్కణ్నుంచి ఒకటి రెండు అడుగులు కుడికి జరిగితే కిటికీ వెడల్పుగా కనబడుతుంది, వెలుతురు పెరుగుతుంది. ఇంకా దూరం పోతే మళ్లీ తగ్గుతుంది.

ఈ నిజాన్ని వెర్మీర్ తన పనికి వాడుకున్న తీరు చూడండి. ఆవిడ వెలుగు పడిన వైపు, అంటే మన ఎడమ వైపు, గోడ మబ్బుగా ఉంది. నీడ వైపు గోడ తెల్లగా ఉంది. వెలుగు పక్కన చీకటి, చీకటి పక్కన వెలుగు. మనిషి గోడ మీంచి ఊడి ముందుకు రావడానికి అసలు కారణం ఇదే. అంతటితో ఆగలేదు. ఆవిడ నీడ వైపు అంచు వెంబడి వెంట్రుక మందాన ఒక తెల్ల గీత లాగాడు. గదిలో ఉన్న ఏ వెలుతురూ అలాంటి గీతను ఇవ్వదు. కంటికి కావలసింది వెలుతురు ఇవ్వకపోతే తానే పెట్టాడన్నమాట. ఆయన్ను కనిపించింది కనిపించినట్టు దించేవాడని పొగిడేవాళ్లు ముందు ఆ గీతను చూడాలి.

పిల్లలతో ఇలా చేయించండి. పోస్టుకార్డంత బూడిదరంగు అట్ట తీసుకుని మధ్యలో ఒక సెంటీమీటరు బెజ్జం పెట్టండి. కాగితం మీద నలుపు నుంచి తెలుపు దాకా ఏడు మెట్ల పట్టీ వేయించండి. అట్టను చెయ్యి చాపి పట్టుకుని, ఒక కన్ను మూసి, గోడను అడుగుకొక చోట ఆ బెజ్జంలోంచి చూడాలి. ప్రతి చోటా కనిపించిన ఛాయ పట్టీలో ఎన్నో మెట్టో రాసుకోవాలి. చుట్టుపక్కల రంగులు కనబడకపోతే ‘తెల్ల గోడ’ అన్న ఆలోచన పోయి, అసలు ఛాయ కనిపిస్తుంది. తెల్ల గోడలోనే మూడు నాలుగు మెట్ల తేడా తేలుతుంది.

ఇంకో పొరపాటు కూడా జరిగే ఉంటుంది. గోడకే అచ్చ తెలుపు ఖర్చు చేస్తే, తలగుడ్డ మీద మెరుపుకూ పాల ధారకూ ఇంకా తెల్లటిది మిగలదు. గోడలో బాగా వెలిగే చోటును కూడా పై నుంచి రెండో మెట్టులోనే ఉంచండి. నీడలకు ట్యూబులోని నల్లరంగు వాడితే గోడకు మసి పట్టినట్టు ఉంటుంది. అల్ట్రామెరీన్ నీలం, రా అంబర్ (మట్టి గోధుమరంగు) కలిపి బూడిదరంగు చేసుకుని అందులో తెలుపు కలుపుకోవాలి.

గోడ మీది మేకును మాత్రం వదలొద్దు. దాని నీడ ఏ వైపుకు ఎంత వాలిందో చూస్తే బొమ్మ మొత్తానికీ వెలుగు ఏ కోణంలో వస్తోందో తెలుస్తుంది. పాత మేకులు ఊడిన గుంటలు, పెచ్చులూడిన చోట్లు కూడా ఉన్నాయి. గోడ దగ్గరగా ఉందని, గట్టిదని కంటికి చెప్పేవి అవే. ఇంత చిన్న గుంటల్ని కూడా ఉంచుకున్న మనిషి పెద్ద వస్తువుల్ని తీసేశాడు. 2022లో రైక్స్ మ్యూజియం వాళ్లు జరిపిన పరిశోధనలో, ఆవిడ తల వెనక కూజాలు తగిలించే కొయ్యపట్టీ, కింద కుడి మూల నిప్పుల బుట్ట ముందు వేసి తర్వాత కప్పేసినట్టు తేలింది. అవి ఉంటే గోడ మీద వెలుగు ముక్కలైపోయేది.

ప్రశ్న: గచ్చు మీద టైల్స్ వేయడం దగ్గరే నా బొమ్మలన్నీ చెడుతున్నాయి. ముందు వరుస టైల్స్ సాగిపోయి, నేల కిందికి జారుతున్నట్టు ఉంటోంది. వెర్మీర్ దారంతో గీతలు కొట్టేవాడని రాశారు. ఆ పద్ధతి వివరంగా చెప్పండి. (బీఎఫ్ఏ విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: మేస్త్రీలు గోడ మీద రంగు పూసిన దారం లాగి వదిలి గీత కొట్టినట్టే. వెర్మీర్ బొమ్మల్ని బాగుచేసి, పరిశీలించిన నిపుణుడు యోర్గెన్ వాడుమ్ పదికి పైగా కాన్వాసుల్లో వానిషింగ్ పాయింట్ (లోపలికి పోయే గీతలన్నీ కలిసే బిందువు) దగ్గర సన్నటి సూది బెజ్జాలు గుర్తించారు. మిల్క్‌మెయిడ్‌లో అది జగ్గు పట్టుకున్న కుడిచేతికి కాస్త పైన ఉంది. ఆ బిందువులో సూది గుచ్చి, దానికి దారం కట్టి, సుద్ద రాసి, బిగించి మీటితే కాన్వాసు మీద తిన్నని గీత పడుతుంది. పని అయ్యాక సుద్ద దులిపేస్తే పోతుంది. గీతలు పడిన చోటికే చూపు వెళ్లి ఆగుతుంది కాబట్టి, సూది ఎక్కడ గుచ్చాలన్నది ముందే ఆలోచించుకోవాల్సిన విషయం. వాషింగ్టన్‌లో ఉన్న ‘త్రాసు పట్టుకున్న స్త్రీ’ బొమ్మలో గీతలన్నీ ఆవిడ వేలి కొసల దగ్గర కలుస్తాయి.

ఇక మీ నేల. కాన్వాసు 60 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. ఎత్తు అనుకుందాం. గదిని అయిదో వంతు స్కేల్లో వేస్తున్నారు. అప్పుడు అడుగు టైల్ 6 సెం.మీ. అవుతుంది. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి సుమారు 120 సెం.మీ. ఎత్తులో ఉంటుంది కాబట్టి, కంటి మట్టం గీత కాన్వాసు కింది అంచుకు 24 సెం.మీ. పైన వస్తుంది. కింది అంచు మీద ఎడమ మూల నుంచి 6 సెం.మీ.కొక గుర్తు పెట్టండి. కంటి మట్టం గీత మీద, ఎడమ అంచుకు 24 సెం.మీ. దూరంలో వానిషింగ్ పాయింట్ పెట్టి సూది గుచ్చండి. అక్కణ్నుంచి ప్రతి గుర్తుకూ దారం కొట్టండి. లోపలికి పోయే గీతలు వచ్చేశాయి.

చాలామంది ఇక్కడిదాకా సరిగ్గానే చేస్తారు. తర్వాత అడ్డగీతలు అందాజాగా వేస్తారు. మీ నేల చెడుతున్నది అక్కడే. అడ్డగీతలకు డిస్టెన్స్ పాయింట్ కావాలి. చూసే మనిషి బొమ్మకు ఎంత దూరంలో నిలబడ్డాడో, అదే దూరాన్ని కంటి మట్టం గీత మీద వానిషింగ్ పాయింట్ నుంచి పక్కకు కొలవాలి. 120 సెం.మీ. తీసుకుంటే అది కాన్వాసు దాటిపోతుంది. కాన్వాసును పెద్ద ప్లైవుడ్ చెక్క మీద పరిచి, కుడివైపు ఆ దూరంలో రెండో సూది గుచ్చండి. ఆ సూది నుంచి కాన్వాసు కింది ఎడమ మూలకు ఒక్క దారం లాగండి. అది లోపలికి పోయే గీతలను కోసుకుంటూ పోతుంది. కోసిన ప్రతి చోట నుంచి కింది అంచుకు సమాంతరంగా ఒక అడ్డగీత వేయండి. అంతే, టైల్స్ వచ్చేశాయి. సరిగ్గా చేసి ఉంటే మొదటి వరుస ఎత్తు 1.1 సెం.మీ., రెండో వరుస 1 సెం.మీ. కంటే కాస్త ఎక్కువ, మూడోది 0.95 వస్తాయి. స్కేలు పెట్టి చూసుకోండి.

ఇప్పుడు డిస్టెన్స్ పాయింట్ దూరం తగ్గించి చూడండి. 60 సెం.మీ.కి తెస్తే మొదటి వరుస 2.2 అవుతుంది. 30కి తెస్తే ఏకంగా 4 సెం.మీ., దాని వెనక వరుస 2.9. మీరు చెప్పిన ‘సాగిపోవడం’ ఇదే. బొమ్మ వెడల్పులో సగం దూరం నుంచి చూస్తే కన్ను 90 డిగ్రీలు పరచుకోవాలి. వెడల్పంత దూరమైతే 53, దానికి రెట్టింపైతే 28. వెర్మీర్ తొలి బొమ్మల్లో ఈ దూరం తక్కువ, పోనుపోను పెంచుకుంటూ వచ్చాడు. ఆ తర్వాతి గదుల్లో నేల నిలకడగా పరుచుకుని ఉండటానికి కారణం అదే. ఫోన్ ఫొటో చూసి వేసేవాళ్లకు కూడా ఇదే చిక్కు వస్తుంది. దగ్గర నిలబడి తీసిన ఫొటోలో అంచులు సాగుతాయి. వీలైనంత వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి.

ఆయన గదుల్లో టైల్స్ తరచుగా మూలలు ముందుకు వచ్చేట్టు ఐమూలగా పరిచి ఉంటాయి. వాటికి లోపలికి పోయే గీతలతో పనే లేదు. ఎడమకొకటి, కుడికొకటి డిస్టెన్స్ పాయింట్లు పెట్టి, కింది అంచు మీది గుర్తులకు రెండింటి నుంచీ దారాలు కొడితే చాలు. ఒక్క మార్పు: గుర్తుల మధ్య దూరం టైల్ పక్క కొలత కాదు, మూల నుంచి మూలకు కొలత. 6 సెం.మీ. టైల్‌కు 8.5 సెం.మీ.

ఇంత లెక్కగా గీసిన మనిషి లెక్కను తప్పించిన చోటు కూడా చెప్పాలి. త్రాసు బొమ్మలో ఆవిడ వెనక గోడకు పెద్ద పటం ఉంది. దాని కింది చట్రం ఆవిడకు రెండు వైపులా ఒకే ఎత్తులో లేదు. త్రాసు ఉన్న వైపు కాస్త పైకి లేచింది. త్రాసుకు ఖాళీ గోడ కావాలి, అందుకని చట్రాన్ని ఎత్తాడు.

ప్రశ్న: కెమెరా అబ్‌స్క్యూరాలో కనిపించిన బొమ్మ మీద పెన్సిల్‌తో గీసుకున్నవాడిని గొప్ప చిత్రకారుడు అనొచ్చా? (హైదరాబాద్)

జవాబు: ముందు తెలిసినదేమిటో చూద్దాం. చీకటి గదిలో బెజ్జం గుండా లేదా లెన్సు గుండా బయటి దృశ్యం తలకిందులుగా తెర మీద పడే పరికరం అది. డచ్చివాళ్లకు అప్పటికే తెలుసు. డచ్చి కవి, దౌత్యవేత్త కాన్స్టంటైన్ హైగెన్స్ 1622లోనే లండన్‌లో దాన్ని చూసి ముగ్ధుడయ్యాడు. అయితే వెర్మీర్ పోయాక 1676 ఫిబ్రవరిలో ఇంటి సామాను జాబితా రాసినప్పుడు రెండు ఈజిళ్లు (కాన్వాసు నిలబెట్టే చట్రాలు), మూడు పాలెట్లు (రంగులు కలిపే పలకలు), పది కాన్వాసులు, రంగులు నూరే రాతిబల్ల ఉన్నాయి. లెన్సు గాని, చీకటి పెట్టె గాని లేదు.

వెర్మీర్ ఆ పరికరం వాడాడనే వాళ్ల ఆధారాలు బొమ్మల్లోనివే. న్యూయార్క్‌లోని ‘ఆఫీసర్, నవ్వుతున్న అమ్మాయి’ బొమ్మలో ముందు కూర్చున్న సైనికుడు బల్లకు అవతలి అమ్మాయి కంటే దాదాపు రెట్టింపు కనిపిస్తాడు. మామూలుగా కన్ను అంత తేడాను సర్దేసుకుంటుంది, లెన్సు సర్దదు. లండన్ ఆచార్యుడు ఫిలిప్ స్టెడ్‌మన్ బొమ్మల్లోని గదిని కొలతలతో తిరిగి కట్టి చూస్తే, అరడజను బొమ్మల్లో వెనక గోడ మీద పడే ప్రతిబింబం కొలతా, కాన్వాసు కొలతా సరిపోయాయి. తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదిది.

కాని మీ ప్రశ్నకు జవాబు మీరే చేసి చూస్తే దొరుకుతుంది. కళ్లద్దాల షాపులో +2.00 పవర్ లెన్సు ఒకటి తీసుకోండి. దాని ఫోకస్ దూరం 50 సెం.మీ. కిటికీని నల్ల అట్టతో పూర్తిగా మూసి, 2 సెం.మీ. గుండ్రటి బెజ్జం చేసి, దాని మీద లెన్సు అంటించండి. బయటి చెట్లూ ఇళ్లూ లెన్సుకు 50 సెం.మీ. దూరంలో పట్టుకున్న తెల్ల అట్ట మీద తలకిందులుగా పడతాయి. మూడు మీటర్ల దూరంలో ఉన్న వస్తువుకు అట్టను 60 సెం.మీ.కి జరపాలి. బెజ్జం పెద్దదైతే బొమ్మ వెలుగుతుంది కాని మసకబారుతుంది, చిన్నదైతే స్పష్టంగా ఉంటుంది కాని చీకటి. సూర్యుడి వైపు మాత్రం పెట్టొద్దు.

అట్టను కాస్త ముందుకో వెనక్కో జరిపితే స్టీలు గ్లాసు మీది తళుకులు చిన్న చిన్న బిళ్లల్లా పరుచుకుంటాయి. ‘డెల్ఫ్ట్ దృశ్యం’లో పడవల పక్కన కనిపించే చుక్కలు ఇలాంటివే. ఇప్పుడు లెన్సు ముందు బన్ను ముక్క పెట్టండి. ఒక్క బిళ్ల కూడా రాదు, ఎందుకంటే రొట్టె మెరవదు. మరి మిల్క్‌మెయిడ్ బల్ల మీది రొట్టె నిండా ఆ చుక్కలే ఉన్నాయి! లెన్సులో ఒక చోట చూసినదాన్ని, అది రాని చోట తన ఇష్టంతో వాడాడు. ఇంకొకటి, ఆ చీకటి గదిలో రంగులు కలపలేం. పాలెట్ మీద ఏది ఓకరో (మట్టి పసుపు) ఏది అచ్చ పసుపో తెలియదు. కాబట్టి పరికరం నుంచి ఎంత తీసుకున్నా ఆకారాలూ ఛాయల పొందికే. రంగంతా పగటి వెలుతురులో, కళ్లతో చేసిన పనే. మా మటుకు మాకు ఆయన గొప్పతనంలో వీసమెత్తు తగ్గదు.

ప్రశ్న: ‘చిన్న వీధి’ బొమ్మలో ఆకులు నీలంగా ఎందుకున్నాయి? (ఖమ్మం)

జవాబు: వేసినప్పుడు పచ్చగానే ఉండేవి. నీలం మీద మొక్కల నుంచి తీసిన పసుపు రంగు పూసి ఆకుపచ్చ తెప్పించాడు. ఆ పసుపు వెలుతురుకు నిలవదు. మూడున్నర శతాబ్దాల్లో అది ఎగిరిపోయి, అడుగున ఉన్న నీలం మిగిలింది. ఇప్పుడు ట్యూబు కొనేటప్పుడు లేబుల్ మీద వెలుతురుకు నిలిచే గుణం ఎంతో చూసి కొనండి.

ప్రశ్న: మాది అపార్ట్‌మెంటు. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదిని స్టూడియో చేసుకున్నాను. ఉత్తరపు వెలుతురు రోజంతా మారదంటారు. మే, జూన్ నెలల్లో నాకు ఎండే పడుతోంది. వెలుగు కూడా ఆకుపచ్చగా కనిపిస్తోంది. (గృహిణి, హైదరాబాద్)

జవాబు: ఆ మాట యూరపు చిత్రకారులది. డెల్ఫ్ట్ 52 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అక్కడ సూర్యుడు మధ్యాహ్నం ఎప్పుడూ దక్షిణం వైపే. హైదరాబాద్ 17 డిగ్రీల పైచిలుకు. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మీకు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఆ ఎండను సన్‌షేడ్ ఆపుతుంది. మార్చి నుంచి సెప్టెంబరు దాకా పొద్దు ఈశాన్యంగా పొడిచి వాయవ్యంగా కుంకుతుంది కాబట్టి ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ లోపలికి వస్తుంది. కిటికీ అద్దం మీద ట్రేసింగ్ పేపరు గాని, పల్చటి తెల్ల పంచె గుడ్డ గాని బిగించండి. తొమ్మిదిన్నర నుంచి మూడున్నర మధ్య పని చేసుకోండి.

పచ్చదనం సంగతి: సన్‌షేడ్ ఆకాశాన్ని కప్పేస్తే గదిలోకి వచ్చేది ఎదుటి గోడ మీద పడి తిరిగొచ్చిన వెలుతురే. ఎదురింటికి ఆకుపచ్చ రంగు వేసి ఉంటే మీ గదికీ అదే. కిటికీ కింది సగాన్ని అట్టతో మూసేయండి. పై సగం నుంచి వచ్చే వెలుతురులో ఆకాశం వాటా పెరుగుతుంది, ముఖాల మీద నీడ కూడా చక్కగా కిందికి దిగుతుంది. వెర్మీర్ తలుపులూ తెరలూ వాడి ఇదే చేశాడు. త్రాసు బొమ్మలో వెలుతురు పైనుంచి, పసుపు తెర చాటు నుంచి వస్తుంది.

ట్యూబ్‌లైటు ఆర్పేయండి. రెండు వైపుల నుంచి వెలుతురొస్తే ప్రతి వస్తువుకూ రెండు నీడలు పడతాయి. ఈజిల్‌ను కిటికీ మీ ఎడమన ఉండేట్టు పెట్టుకోండి. కుడిచేత్తో వేసేవారికి చేతి నీడ పని మీద పడదు. వెర్మీర్ గదుల్లో కిటికీ దాదాపు ఎప్పుడూ ఎడమవైపే ఉండటానికి అదీ ఒక కారణం కావచ్చు. మీది ఎడమచేతి వాటమైతే కుడివైపు పెట్టుకోండి.

ప్రశ్న: ఆయన వాడిన రంగులు ఇప్పుడు దొరుకుతాయా? గ్లేజింగ్ (ఆరిన రంగు మీద అడుగు కనిపించేంత పల్చటి రంగు పొర వేయడం) చేస్తే నాకు పొర ముడతలు పడుతోంది. (కాకినాడ)

జవాబు: ఆయన తెలుపు సీసపు తెలుపు. విషం, ఇంట్లో వద్దు. టైటానియం వైట్ చాలు, కాని అది కప్పే గుణం ఎక్కువ ఉన్న చల్లటి తెలుపు. చిటికెడు ఎల్లో ఓకర్ కలిపితే గోడకు సరిపోయే వెచ్చదనం వస్తుంది. పనిమనిషి రవికె పసుపు సీసం, తగరం కలిపి చేసిన రంగు. 18వ శతాబ్దం మధ్యలో వాడకం పోయి, 1941లో పరిశోధకుడు రిచర్డ్ యాకోబీ తిరిగి గుర్తించేదాకా దాని ఊసే లేదు. దానికి బదులు కాడ్మియం ఎల్లో లైట్‌లో కాస్త తెలుపు, కాస్త ఓకర్ కలపండి. నీలం అఫ్గానిస్తాన్ బదఖ్షాన్ గనుల లాజవర్ద రాయి నూరి తీసిన అసలు అల్ట్రామెరీన్. అప్పట్లో చాలా ఖరీదు. దాన్ని ఆయన ఏప్రన్లకే కాదు, తెల్ల బట్టల నీడల్లో కూడా పోశాడు. మనకు ఫ్రెంచ్ అల్ట్రామెరీన్ ట్యూబు ఉంది.

ముడతలకు కారణం నూనె ఎక్కువై, పైపొర ముందు ఆరి లోపల పచ్చిగా ఉండటం. వరస ఇలా పెట్టుకోండి. మొదటి పొర బర్న్ట్ అంబర్, టర్పెంటైన్‌తో పల్చగా, వెలుగునీడలు మాత్రమే. అది ఆరాక అసలు రంగు, తక్కువ నూనెతో. దాని మీద వేలు పెట్టి నొక్కితే అంటుకోనంతవరకు గ్లేజ్ మాట ఎత్తొద్దు. కాకినాడ గాలిలో తేమకి, అందులోనూ వానాకాలంలో, వారం పది రోజులు పట్టినా ఆశ్చర్యపోవద్దు. గ్లేజ్‌కు రంగు చాలా తక్కువ, నూనె చుక్కలతో, మెత్తటి బ్రష్షుతో పరిచి, గుడ్డతో అద్ది పల్చన చేయాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే బాయిల్డ్ అవిసె నూనె వాడకండి, ముదురు పసుపుకు తిరుగుతుంది. ఆర్ట్ షాపులో శుద్ధి చేసిన అవిసె నూనె అడగండి. కిటికీలు తెరిచిపెట్టుకుని పని చేయండి, టర్పెంటైన్ ఆవిరి మంచిది కాదు.

ప్రశ్న: మా ఊళ్లో డచ్చివాళ్ల సమాధులున్నాయి. వెర్మీర్ కాలానికీ, మా తీరానికీ ఏమన్నా సంబంధం ఉందా? (మచిలీపట్నం)

జవాబు: ఆయన మనిషిగా హాలండ్ దాటిన దాఖలా లేదు. సరుకులకు మాత్రం సంబంధం ఉంది. డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఉన్న ఆరు శాఖల్లో డెల్ఫ్ట్ ఒకటి. ఆ కంపెనీ 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో మకాం పెట్టి, అద్దకం బట్టలు, నీలిమందు ఎగుమతి చేసింది. ‘ముత్యపు పోగు అమ్మాయి’ వెనక ఇప్పుడు నల్లగా కనిపించేది మొదట ఆకుపచ్చ తెర. దాన్ని నీలిమందు, మొక్కల పసుపు కలిపిన గ్లేజ్‌తో వేశాడని హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియం పరిశోధనలో తేలింది. ఆ నీలిమందు ఏ రేవు నుంచి వెళ్లిందో ఆ పొర చెప్పదు. మన తీరం నుంచి అదే సరుకు, అదే కాలంలో, అదే కంపెనీ ఓడల్లో వెళ్లేదన్నది మాత్రం చరిత్ర.

ప్రశ్న: కాపీ చేసి నేర్చుకోవాలనుంది. ఏ బొమ్మతో మొదలుపెట్టమంటారు? ముత్యం పోగు అమ్మాయి వేయొచ్చా? (నెల్లూరు)

జవాబు: ముఖం ఇప్పుడే వద్దు. ముత్యం ఒక్కటి వేయండి, చాలా నేర్పుతుంది. దగ్గరికెళ్లి చూస్తే అందులో ఉన్నవి రెండే మరకలు. ఎడమ పైన కిటికీ వెలుగుకు ఒక దట్టమైన తెల్ల చుక్క, కింద తెల్ల కాలరు నీడపట్టున ప్రతిఫలించిన మెత్తటి బూడిదరంగు. చుట్టూ పోగు ఆకారానికి గీత లేదు, చెవికి తగిలించే కొక్కెం కూడా లేదు. మెడ నీడలో ఆ రెండు మరకలు సరైన చోట పడితే మిగతాది కన్ను పూర్తి చేసుకుంటుంది. గీత గీశారో, ప్లాస్టిక్ పూస అయిపోతుంది.

తర్వాత మిల్క్‌మెయిడ్ పై ఎడమ మూల తీసుకోండి: కిటికీ, గోడకు వేలాడే బుట్ట, పగిలిన కిటికీ అద్దం, మేకు. మనిషి జోలికి పోవద్దు. అసలు బొమ్మలో ఆ భాగం ఎంతుందో దానికి రెట్టింపు సైజులో, ముందు నలుపు తెలుపుల్లో వేసి, ఛాయలు కుదిరాక రంగులోకి రండి. రైక్స్ మ్యూజియం తన వెబ్‌సైటులో ఈ బొమ్మను పెద్ద సైజులో ఉచితంగా ఇస్తోంది, దాన్నే జూమ్ చేసి చూడండి. క్యాలెండర్ ముద్రణల్లో గోడ ఛాయలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, వాటిని చూసి వేస్తే మళ్లీ తెల్ల గోడే వస్తుంది.